హైదరాబాద్‌లో హెరిటేజ్ వాక్: ఏ దారిలో వెళ్ళాలి, ఎవరి వెంట వెళ్ళాలి?

డల్లాస్‌లో ఉండే మా పిన్ని కూతురు డిసెంబరులో పిల్లలతో వస్తూ ముందుగానే ఫోన్ చేసింది. "అక్కా, హైదరాబాద్ హెరిటేజ్ వాక్ అని కొడితే బోలెడు వస్తున్నాయి. అన్నిట్లోనూ చార్మినార్ బొమ్మే. ఏది బుక్ చేయమంటావ్?" అని అడిగింది. ఫోన్లో తేల్చి చెప్పలేకపోయాను. బడిలో పిల్లలకి సాంఘిక శాస్త్రం చెప్తాను. ఆరేళ్ళుగా వీలైన ఆదివారమల్లా ఏదో ఒక బృందంతోనో, ఒంటరిగానో, మా పిల్లలని వెంటబెట్టుకునో ఈ ఊళ్ళో నడుస్తూనే ఉన్నాను. ఆ అనుభవంతో దానికి రాసి పంపిందే కొంచెం పెంచి ఇక్కడ పెడుతున్నాను.

చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత టైము, ఆ తర్వాత ఎవరు నడిపిస్తున్నారో చూస్తారు. దారి గురించి ఆఖర్న ఆలోచిస్తారు. నా లెక్కలో దారే ముందు రావాలి. మీతో వచ్చేది ఎనభై ఏళ్ళ నాన్నగారా, పదేళ్ళ పిల్లా, అన్నదాన్ని బట్టి సగం తేలిపోతుంది. మిగతా సగం మీరు దేనికోసం వెళ్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది. కట్టడాలు చూడటానికైతే ఒక దారి ఉంది. ఆ కట్టడాల చుట్టూ ఇప్పటికీ బతుకుతున్న మనుషులని కలవడానికైతే ఇంకో దారి. నేను రెండో రకం మనిషిని. ఆ పక్షపాతం ఈ రాతలో అడుగడుగునా కనిపిస్తుంది.

చార్మినార్ నుంచి చౌమహల్లా దాకా

అందరికీ తెలిసిన దారి ఇదే. తెలంగాణ టూరిజం వాళ్ళు ఆదివారం పొద్దున నడిపిన నడక కూడా ఇదే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణించి ఉత్తరంగా నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్, తర్వాత పత్తర్‌గట్టి రాతి తోరణాలు, మొహర్రంలో పీర్లు నిలిపే బాద్షాహీ అషుర్‌ఖానా చూపిస్తారు. మళ్ళీ వెనక్కి తిరిగి మక్కా మసీదు, లాడ్ బజార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌కి చేరుస్తారు. అన్ని బృందాలూ ఇదే వరసలో వెళ్ళవు కానీ చూపించేవి దాదాపు ఇవే.

ఈ దారిలో మీ ఎంపిక నిజానికి పొద్దున ఏడింటి నడకకీ, పదకొండు తర్వాతి నడకకీ మధ్య ఉంటుంది. పొద్దున ఏడింటికి పత్తర్‌గట్టి షట్టర్లన్నీ దించి ఉంటాయి. బండ్లుండవు. ఆ రాతి వరండాలు ఒకదాని వెనక ఒకటి ఎంత కొలతగా పేర్చారో అప్పుడు తప్ప కనిపించదు. పదకొండు దాటితే బోర్డులూ, వైర్లూ, జనమూ కలిసి ఆ తోరణాలని మింగేస్తాయి. అదే లాడ్ బజార్‌కి ఏడింటికి వెళ్తే మూసిన షట్టర్లు తప్ప ఏమీ ఉండదు. లక్క కరిగించి, సాగదీసి, వేడి మీదుండగానే వంచి గాజు చేసి, ఒక్కో రాయీ అద్దే చేతులని చూడాలంటే ఎండెక్కాకే వెళ్ళాలి. నన్నడిగితే గాజుల దుకాణంలో కొనడానికి ముందు ఆ వెనక గదిలో కూర్చున్న మనిషిని చూడాలి. అది లేని చార్మినార్ నడక నాకు వెలితిగానే అనిపిస్తుంది.

చార్మినార్ పైకి ఎక్కాలని పిల్లలు గోల చేస్తారు. టికెట్ కౌంటర్ తొమ్మిది దాటాకే తెరుస్తారు, కాబట్టి పొద్దున నడకలో అది కుదరదు. మెట్లు బాగా ఇరుకు, పైగా ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టుతో కూర్చోవడం మేలు. చౌమహల్లా పదింటికి తెరుస్తారు, అందుకే ఏడున్నరకి బయల్దేరిన బృందం తీరిగ్గా నడిచి సరిగ్గా ఆ వేళకి గేటు దగ్గరికి చేరుతుంది. శుక్రవారం చౌమహల్లాకి సెలవు. మక్కా మసీదులో జుమా నమాజుకి వేలమంది వస్తారు. ఆ రోజు ఈ దారి పెట్టుకోకండి.

గైడు అవసరం ఎక్కడ అంటే అషుర్‌ఖానా దగ్గర. చార్మినార్ గురించి బోర్డు చదివినా తెలుస్తుంది. బాద్షాహీ అషుర్‌ఖానా పత్తర్‌గట్టి దుకాణాల వెనక దాక్కుని ఉంటుంది. 1590లలో కట్టింది. గోడల నిండా పసుపు, నీలం, ఆకుపచ్చ పెంకుల పనితనం. 1908 వరదలో నీళ్ళు లోపలికొచ్చి కింది భాగంలో కొన్ని పెంకులు పాడైతే, వాటి చోట రంగులతో అదే నమూనా వేశారు. పెంకు ఎక్కడ ఆగింది, రంగు ఎక్కడ మొదలైంది అని వేలు పెట్టి చూపించే మనిషి పక్కన లేకపోతే, చూసి కూడా చూడనట్టే బయటికొస్తాం. అది ఇప్పటికీ మొహర్రంలో ఆలంలు (పీర్లు) నిలిపే చోటు. చెప్పులు విప్పాలి, గొంతు తగ్గించాలి, అడక్కుండా ఎవరి ఫోటో తీయకూడదు. ఈ సంగతి గేటు బయటే చెప్పి లోపలికి తీసుకెళ్ళే గైడుని నేను నమ్ముతాను.

మూసీ ఒడ్డు

ఇది వరద కథ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆనాటి ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆ నీళ్ళలోనే పోయారు, ఆయనొక్కడే మిగిలాడు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఏటా ఆ తేదీకి ఊళ్ళోవాళ్ళు దాని కింద చేరి పోయినవాళ్ళని తలుచుకుంటారు.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. గండిపేట, హిమాయత్ సాగర్ చెరువులు వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నదికి ఆ పక్కా ఈ పక్కా హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ఈ మూడింటికీ విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి చేయి పడింది. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దగ్గర మొదలుపెట్టి, ఆసుపత్రి చూసుకుని, నయాపూల్ దాటి హైకోర్టు, సిటీ కాలేజీ వైపు వెళ్తే ఒక నది ఊరి మొహాన్ని ఎలా మార్చిందో రెండు గంటల్లో అర్థమవుతుంది. స్థానికులకే ఉద్యోగాలు కావాలన్న 1952 ముల్కీ ఉద్యమంలో కాల్పులు జరిగింది కూడా ఆ సిటీ కాలేజీ పరిసరాల్లోనే.

ఇంత బలమైన కథున్నా చిన్నపిల్లలని మాత్రం ఈ దారిన తీసుకెళ్ళమని చెప్పను. ట్రాఫిక్ ఎక్కువ, మూసీ వాసన భరించాలి, చాలా భవనాలని బయటినుంచే చూడాలి. హైకోర్టులోకి ఊరికే వెళ్ళనివ్వరు, ఆసుపత్రి పాత భవనం ఖాళీగా ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలకి, ఊరి ప్రణాళిక మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి, హైదరాబాద్‌లో పదేళ్ళుగా ఉంటూ దీన్ని ఎప్పుడూ బస్సు కిటికీలోంచే చూసినవాళ్ళకి ఇది బాగుంటుంది. గైడు కచ్చితంగా కావాలి. ఇక్కడ కళ్ళకి కనిపించేది తక్కువ, చెప్పేవాళ్ళుంటేనే తెలిసేది ఎక్కువ.

సుల్తాన్ బజార్, కోఠి: తెలుగువాళ్ళు వదులుకోకూడని దారి

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది ఇది.

కోఠి అనగానే మనకి పాత పుస్తకాలు, చీరల దుకాణాలు, సిటీ బస్సులు గుర్తొస్తాయి. ఆ పేరొచ్చింది బ్రిటిష్ రెసిడెంటు (నిజాం దర్బారులో వాళ్ళ ప్రతినిధి) ఉన్న కోఠీ, అంటే బంగళా వల్ల. అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టించిన ఆ భవనం ఎత్తైన స్తంభాలతో, ముందు రెండు సింహాలతో ఇప్పటికీ ఉంది. ఆయన హైదరాబాదీ ఇంటి అమ్మాయి ఖైరున్నిసాని పెళ్ళాడాడు. పరదా పాటించే ఆమె ముందువైపు భవనం చూడలేదని, దాని నమూనా చిన్నదిగా కట్టించి ఆమె ఉండే వైపు తోటలో పెట్టించాడని అంటారు. 1949లో మహిళా కళాశాల ఈ ఆవరణలోకి వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. మా అమ్మ తరం ఆడపిల్లలు ఎంతోమంది ఆ దర్బారు హాలు మెట్ల మీద కూర్చుని చదువుకున్నారు. ఏళ్ళపాటు పాడుబడి ఉన్న భవనాన్ని ఈమధ్యే మరమ్మతు చేశారు.

గేటు బయట, బస్టాండు దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం ఉంటుంది. 1857 జులై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి ఆయన ఈ రెసిడెన్సీ మీదే దాడి చేశాడు. ఆ రాయి ముందు రోజూ వేలమంది బస్సుకోసం నిలబడతారు.

అసలు సంగతి ఆ గోడ దాటాక ఉంది. రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు 1933 దాకా నిజాం పాలన కింద కాకుండా బ్రిటిష్ వాళ్ళ అజమాయిషీలో ఉండేవి. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 లాంటి ఆంక్షలు ఊరంతటినీ బిగించిన రోజుల్లో కూడా ఈ నాలుగు వీధుల్లో కొంచెం ఊపిరి ఆడేది. తెలుగు చదువు హైదరాబాద్‌లో ఇక్కడ వేళ్ళూనడానికి అదొక ముఖ్య కారణం. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. వెనక నిలబడిన పెద్దలు కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో, తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజుల్లో, తెలుగు పేరుతో ఒక గ్రంథాలయం! అది ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది. చీరలు కొనడానికి వచ్చే తెలుగువాళ్ళలో ఎంతమంది తలెత్తి ఆ బోర్డు చదువుతారు?

మా అమ్మని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు లోపల పాత బీరువాల మధ్య నిలబడి పుస్తకాల పేర్లు పైకి చదువుతూ పోయింది. సూర్యాపేట దగ్గర పల్లెలో పుట్టింది. వాళ్ళ నాన్న బడిలో ఉర్దూ చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకున్న మనిషి. "మా నాన్న ఇక్కడికొచ్చి ఉంటాడా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చార్మినార్ ముందు అమ్మ ఎప్పుడూ అలాంటి ప్రశ్న అడగలేదు.

అక్కణ్ణించి పదినిమిషాల నడకలో జాంబాగ్ వైపు వివేకవర్ధిని విద్యాసంస్థ ఉంది. 1921 నవంబరులో అక్కడ మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం దిగమింగుకోలేక ఆ రాత్రే కొద్దిమంది టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాత ఆంధ్ర మహాసభగా పెరిగి ఊరూరికీ పాకిన ఉద్యమానికి ఆ రాత్రే విత్తనం. ఆ సభ జరిగిన చోట నిలబడి ఈ కథ వినడానికీ, పుస్తకంలో చదవడానికీ ఎంత తేడా ఉందో మా తొమ్మిదో తరగతి పిల్లల మొహాల్లో చూశాను. ఒక అబ్బాయి "తెలుగులో మాట్లాడితే ఎందుకు నవ్వారు టీచర్?" అని అడిగి, దారంతా అదే ఆలోచిస్తూ వచ్చాడు.

ఓపిక ఉంటే తిలక్ రోడ్డు దాకా వెళ్ళొచ్చు. అక్కడ 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు ఉంది. ఇంకా ఓపిక ఉంటే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు 1928లో తెలుగు మాధ్యమంలో పెట్టిన ఆడపిల్లల బడి ఉంది. ఒక్క రోజులో అన్నీ కుదరవు, రెండు ఆదివారాలు పెట్టుకోండి.

ఇంత చెప్పాక ఇబ్బందులు కూడా చెప్పాలి. ఈ దారి నడిపించేవాళ్ళు తక్కువ. రెసిడెన్సీ మటుకు చూపించి, ప్రేమకథ చెప్పి, ఫోటోలు తీయించి పంపేసేవాళ్ళే ఎక్కువ. బుక్ చేసే ముందు ఒక్క మాట అడగండి: భాషా నిలయం లోపలికి తీసుకెళ్తారా? "అదెక్కడ?" అన్నారంటే ఆ నడక మీకోసం కాదు. రెసిడెన్సీ ఉన్నది విద్యాసంస్థ ఆవరణలో. ప్రవేశం సంగతి ముందే కనుక్కోవాలి, లేదా అనుమతి తీసిపెట్టుకున్న బృందంతో వెళ్ళాలి. డబ్బు పెట్టి గైడుని పెట్టుకుంటే ఎక్కువ లాభం ఈ దారిలోనే అని నేననడానికి ఇదొక కారణం. సాయంత్రాలు, పండగల ముందు సుల్తాన్ బజార్‌లో అడుగు తీసి అడుగు వేయలేం. పొద్దున వెళ్తే గ్రంథాలయం తెరిచే వేళ చూసుకోవాలి. చేరడం మాత్రం చాలా తేలిక. సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ ఉండనే ఉంది. ఆ మెట్రో గీత ఈ పాత బజార్‌ని చీలుస్తుందని ఇక్కడి వ్యాపారులు ఏళ్ళ తరబడి పోరాడారు. స్టేషన్ దిగగానే ఆ స్తంభాల కింద నిలబడి ఆ కథ కూడా చెప్పించుకోండి.

గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు

పిల్లలకి బాగా నచ్చేది ఇదే. గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపించడం ఏ వయసు పిల్లలనైనా కట్టిపడేస్తుంది. పైదాకా 360 మెట్లు. ఎండాకాలంలో పదింటి తర్వాత ఎవరూ ఎక్కకండి. మధ్యదారిలో రామదాసు చెర ఉంది, భక్త రామదాసుగా మనం కొలిచే కంచర్ల గోపన్నని తానీషా పెట్టించిన ఖైదు. గోడల మీద చెక్కిన బొమ్మలకి ఇప్పటికీ పూలు పెడతారు.

సమాధుల దగ్గర నడక ఇంకో రకం. 106 ఎకరాల తోట, నీడ, పచ్చిక. పెద్దవాళ్ళు హాయిగా నడవగలరు. 2013లో మొదలైన మరమ్మతుల పని 2024లో ముగిసింది. ఆ మొదటి ఏడే వానలకి కూలిపోయిన బడీ బావిని మళ్ళీ కట్టి నిలబెట్టారు. ఇక్కడి మెట్లబావులకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. మహమ్మద్ కులీ సమాధి ముందు అందరూ ఆగుతారు. నేను మాత్రం ఇబ్రహీం కుతుబ్ షా సమాధి దగ్గర కాసేపు ఎక్కువ ఆగుతాను. తెలుగు కవులు ప్రేమగా మల్కిభరాముడని పిలుచుకున్న రాజు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకి అంకితమిచ్చాడు. ఈ ముక్క చెప్పే గైడు దొరికితే వదలకండి.

కోట, సమాధులు రెండూ ఒకే పూటలో చూపిస్తామనేవాళ్ళతో వెళ్ళకండి. రెండూ సగం సగం అవుతాయి. శుక్రవారం సమాధుల ఆవరణకి సెలవు. కోట గోడల లోపల ఇప్పటికీ వేల కుటుంబాలు ఉంటున్నాయన్న సంగతి చాలా నడకల్లో మాటవరసకైనా రాదు. ఆషాఢంలో బోనాలు ఇక్కడి జగదాంబ గుడితోనే మొదలవుతాయి. మీరు ఊళ్ళో ఉన్నది ఆషాఢంలోనైతే టికెట్ నడకలన్నీ పక్కన పెట్టి ఆ రోజు గోల్కొండ వీధుల్లో నడవండి.

సికింద్రాబాద్ నడకలు కూడా ఉన్నాయి. కంటోన్మెంటు, చర్చిలు, గడియార స్తంభం, మోండా మార్కెట్ చూపిస్తారు. రైలుకి మూడు గంటల టైమున్నవాళ్ళకి బాగుంటాయి. ఒక్క ఆదివారమే చేతిలో ఉంటే మాత్రం దాన్ని పైవాటిలో ఒకదానికి పెట్టండి.

ఎవరి వెంట?

ప్రభుత్వ పర్యాటక శాఖ నడకలు అన్నిటికన్నా చవక. దారి ఖాయంగా ఉంటుంది, చెప్పే విషయం తూకంగా ఉంటుంది. కానీ మనుషులెక్కువైనప్పుడు వెనకున్నవాళ్ళకి ఏమీ వినపడదు. అన్ని ఆదివారాలూ నడుస్తాయని నమ్మి వెళ్ళకండి, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి.

చరిత్ర మీద ప్రేమతో ఔత్సాహికులు, వారసత్వ సంస్థలు, కాలేజీ అధ్యాపకులు నడిపేవి రెండో రకం. నాకు ఇష్టమైనవి ఇవే. రుసుం ఉండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. నడిపించేవాళ్ళు ఒక్కో వీధి మీద ఏళ్ళు పెట్టి ఉంటారు. వాళ్ళకి దేవిడీల (పాత నవాబుల భవంతుల) ఓనర్లు తెలుసు, దర్గా ముజావర్లు తెలుసు, తాళం ఎవరి దగ్గరుందో తెలుసు. లోటల్లా ఎప్పుడు పెడతారో చెప్పలేం. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపెట్టుకుని ఉండాలి. ఉపన్యాసం ఒక్కోసారి లోతుకి పోయి చిన్నపిల్లలు విసుక్కుంటారు.

ప్రైవేటు వాక్‌లకి మనిషికి వందల నుంచి వేలదాకా తీసుకుంటారు. మీ కుటుంబానికే ప్రత్యేకంగా, మీకు వీలైన రోజున, మీ నడక వేగంలో నడిపిస్తారు. విదేశాల నుంచి నాలుగు రోజులకి వచ్చేవాళ్ళకి ఇదే నయం. కానీ అదే ధరకి ఇద్దరు మనుషులు రెండు వేరే ఊళ్ళు చూపించగలరు. ఒకసారి మా బడి పిల్లలని అలాంటి ఒక బృందంతో పంపించాను. పన్నెండుమందికి మించనివ్వమని చెప్పినవాళ్ళు ఆ రోజు నలభై మందిని కలిపేశారు. గైడు మైకు తేలేదు. వెనక వరసలో ఉన్న మా పిల్లలు రెండు గంటలు నడిచి రెండు వాక్యాలు విన్నారు. వాళ్ళకి నేనే మళ్ళీ వచ్చే వారం చార్మినార్ చూపించాల్సి వచ్చింది. అప్పటినుంచి బృందంలో ఎంతమంది అన్న ప్రశ్నకి జవాబు వాట్సాప్‌లో రాయించుకుంటున్నాను. పదిహేను దాటితే డబ్బు కట్టను.

ఫోన్లో చూసుకుంటూ సొంతంగా నడవడం నాలుగో దారి. చార్మినార్ బజార్లకీ, సమాధుల తోటకీ ఇది చాలు. మూసీకీ, సుల్తాన్ బజార్‌కీ చాలదు.

భాష సంగతి తప్పక అడగండి. మన ఊళ్ళో నడకలు చాలావరకు ఇంగ్లీషులో సాగుతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగు తప్ప రాకపోతే తెలుగులో చెప్పేవాళ్ళు కావాలని గట్టిగా అడగండి. అందరం అడిగితేనే వాళ్ళు పెడతారు. మా అమ్మకి హిందీ అంతగా రాదు, కానీ పాతబస్తీ దక్కనీ ఇట్టే అర్థమైపోతుంది. అత్తరు దుకాణం ముసలాయన "నక్కో (వద్దు) అమ్మా, ముందు వాసన చూడు" అంటే ఆవిడ హాయిగా కూర్చుండిపోయింది. ఇంగ్లీషు గైడు రెండు గంటల్లో చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది.

గైడుని తూచడానికి నాకొక పద్ధతి ఉంది. ఏ పాత భవనం ముందైనా "ఇప్పుడిందులో ఎవరుంటున్నారండీ?" అని అడుగుతాను. రాజుల పేర్లు, తేదీలు ఎవరైనా అప్పజెప్తారు. ఇప్పుడున్నవాళ్ళు తెలిసిన మనిషి ఆ వీధికి చుట్టం. వెండి రేకులు సుత్తితో కొట్టి వరక్ చేసేవాళ్ళు ఎక్కడ మిగిలారో, ఛత్తా బజార్‌లో చేత్తో ఉర్దూ రాసే కాతిబులు ఇంకా ఎవరున్నారో, పురానీ హవేలీ దగ్గర చార్‌కోనీ నాన్ ఏ వేళకి పొయ్యిలోంచి తీస్తారో అలాంటివాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళు మిమ్మల్ని ఆ మనుషుల దగ్గర కూర్చోబెడతారు. కూర్చున్నాక ఏదో ఒకటి కొనండి. వాళ్ళ పని వేళ తీసుకుని ఊరికే లేచిరావడం బాగుండదు.

ఇక చిన్న చిన్న సంగతులు. నడక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మార్చి దాటితే పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టేవాళ్ళని చూసుకోండి. తేలిగ్గా విప్పి వేసుకునే చెప్పులు వేసుకోండి, మూడు నాలుగు చోట్ల విప్పాల్సి వస్తుంది. ఆడవాళ్ళు ఒక చున్నీ దగ్గర పెట్టుకోండి. బాత్రూం ఎక్కడెక్కడ ఉందో బయల్దేరకముందే అడగండి, సిగ్గుపడకండి. పాతబస్తీలో ఆడవాళ్ళకి అది నిజంగా కష్టం. దీనికి సరైన జవాబు చెప్పే నిర్వాహకులు మిగతా ఏర్పాట్లు కూడా బాగానే చేస్తారని నా అనుభవం.

మా చెల్లికి ఆఖరికి నేను రాసి పెట్టింది ఇది: శనివారం పొద్దున పిల్లలతో గోల్కొండ, గైడు అక్కర్లేదు, నేనే వస్తాను. ఆదివారం పిన్నిని కూడా తీసుకుని సుల్తాన్ బజార్, తెలుగులో చెప్పే గైడుతో, ఆరుగురమే. సోమవారం పదకొండింటికి లాడ్ బజార్, గాజులు చేసే చోట గంటసేపు. దాని చిన్నకూతురు తెలుగు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతోంది. భాషా నిలయం బోర్డు దానిచేతే చదివిద్దామనుకుంటున్నాం.